డ్రైవర్ వెనక సీటు

2007 మార్చి 11, ఆదివారం

పొద్దున్నుంచి ఎడారి దుమ్ము గాలి. వంతెన మీద ముందున్న కారు కనబడలేదు. నేను నడిపే స్కూల్ బస్సు రెండు ట్రిప్పులూ లేటయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు, బస్సుల ఇన్‌ఛార్జి కూడా లేటుగానే వచ్చాడు.

మధ్యాహ్నం మా పాప రవళి వాళ్ల టీచర్ పిలిచింది. ఒకటో తరగతి అయిపోవస్తున్నా రవళికి ఇంగ్లీషు చదవడం రాదట. నిలబెట్టి అడిగితే నేల చూస్తుందట, నోరు తెరవదట. నేను నమ్మలేదు. ఏడాదిగా బస్సులో నా వెనక సీటులో కూర్చుని రోజూ చదివి వినిపిస్తోంది. అరాద్‌లో మా ఇంటి దగ్గర మొదలుపెడితే వంతెన అవతల మహూజ్ వచ్చేసరికి ఒక పాఠం అయిపోతుంది. పిల్ల భయపడి ఉంటుందని చెప్పి వచ్చాను.

మార్చి 13

సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి చూశాను. రవళి ఇంగ్లీషు తొమ్మిదో పాఠం చదువుతోంది. ఒళ్లో తెరిచి ఉన్నది లెక్కల పుస్తకం.

మార్చి 15

నా భార్య వినోద లాండ్రీ డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. ఏడాది పొడుగునా చూడలేదా అని అడిగింది. డ్రైవింగ్‌లో ఎలా చూస్తానన్నాను.

పై ఫ్లోర్‌లో ఉండే హైదరాబాద్ ఆవిడ ఇఫ్ఫత్, రవళిని కూర్చోబెట్టి చదివించి చూసింది. మొదటి లైను అందిస్తే చివరిదాకా తప్పు లేకుండా చెప్తుంది. అదే పాఠంలో ఒక్క మాట మీద వేలు పెడితే చెప్పలేదు. బస్సులో పక్క సీటు నాలుగో తరగతి అమ్మాయి చెవిలో చదివి పెడుతుంటే విని బట్టీ పట్టిందట.

మార్చి 29

రిజల్ట్ వచ్చింది. మళ్లీ ఒకటో తరగతే చదవాలి, లేదంటే టీసీ తీసుకోవాలి. క్లాసులో నలభై ఒక్కమంది. విడిగా చెప్పడం కుదరదని టీచర్ ముందే అంది.

ఇఫ్ఫత్ ఇక్కడి గవర్నమెంట్ బడి మాట ఎత్తింది. మా వీధి చివరే ఉంది, మన దేశం పిల్లలనూ చేర్చుకుంటారట. వెనకబడిన పిల్లలకు వేరే టీచర్ ఉందట. అంతా అరబ్బీలోనే. రవళి సాయంత్రాలు ఆడుకునేది ఆ బడి పిల్లలతోనే.

ఏప్రిల్ 6, శుక్రవారం

లేబర్ క్యాంపుకు వెళ్లాను. మా ఊరి గంగన్నతో బడి సంగతి అన్నాను. అందరి ముందే అందుకున్నాడు. "ఏం లచ్చన్నా, ఊరికి పోయినంక బిడ్డతోని సర్పంచుకు అరబ్బీల అర్జీ రాయిస్తవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అతను అన్నదాంట్లో తప్పులేదు. వీసా ఎన్నాళ్లో తెలియదు. రేపు ఊరికి పోతే పిల్ల మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంగ్లీషైతే అక్కడా పనికొస్తుంది. ఇంటికొచ్చి వినోదతో ఇదే చెప్పాను. ఆమె బట్టలు మడత పెడుతోంది. "మనం ఊరికి పొయ్యే రోజు కోసం పిల్ల ఈడ మూగదై కూసోవాల్నా?" అంది.



ఏప్రిల్ 10

రవళి మళ్లీ ఒకటో తరగతి. నా వెనక సీటు. పుస్తకం తీయడం లేదు. నేనూ అడగడం లేదు.

జూన్ 17

విపరీతమైన ఎండ. రవళిని బడి మాన్పించి, రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో వినోదా నేనూ గవర్నమెంట్ బడికి తీసుకెళ్లాం. ఊరికే చూసి వద్దామనే అనుకున్నాను. మాట సాయానికి ఇఫ్ఫత్ వచ్చింది.

అక్కడి టీచర్ కుర్చీ దిగి పిల్ల ముందు నేల మీద కూర్చుంది. ఏదో అడిగింది. రవళి అరబ్బీలోనే జవాబు చెప్పింది. ఆగలేదు, చాలాసేపు చెప్పింది, చేతులు తిప్పుతూ. ఒక టీచర్ ముందు నా బిడ్డ అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. నాకు వచ్చిన అరబ్బీ పెట్రోల్ బంకుకూ పోలీసుకూ సరిపోతుంది. నాకు అందినవి తండ్రిని పిలిచే 'బాబా', 'రోడ్డు', రెండే మాటలు.

బయటికొచ్చాక ఇఫ్ఫత్‌ను అడిగాను. చదవడం ఎవరు నేర్పారని టీచర్ అడిగిందట. మా బాపు రోజూ చదవమంటాడు, నాకు రాదు, బట్టీ పట్టింది చెప్తే మంచిగ చదువుతున్నవ్ బిడ్డా అని సంతోషపడతాడు, బాపు రోడ్డు చూస్తుంటాడు కాబట్టి నేను దొరకలేదు, అని రవళి చెప్పిందట.

వినోద వైపు చూడలేకపోయాను. వెనక్కి వెళ్లి ఫారం అడిగి తీసుకున్నాను.

జూన్ 20

ఫారం ఇచ్చాను. స్కూల్‌లో టీసీకి రాశాను. డ్రైవర్ పిల్ల అని ఇచ్చిన సీటు, మళ్లీ అడిగితే రాదని ఇన్‌ఛార్జి అన్నాడు. సరే అన్నాను.

సెప్టెంబర్ 8

రేపు రవళికి కొత్త బడి మొదలు. పొద్దున ఒక గంట పర్మిషన్ అడిగాను. బస్సుకు ఇంకో డ్రైవర్ లేడన్నారు.

రవళి యూనిఫాం వేసుకుని చూపించింది. ఏమైనా చదవనా బాపు అని అడిగింది. వద్దన్నాను.

సెప్టెంబర్ 9, ఆదివారం

ఐదూ నలభైకి బస్సు తీశాను. వెనక సీటులో కొత్త పిల్ల.

ఆరూ యాభైకి వినోద, రవళి ఇంటి నుంచి బడికి నడిచి వెళ్లారట. అప్పటికి నేను మహూజ్‌లో ఉన్నాను.