బీడు మధ్యలో బకెట్టు

ట్రెలోర్ పొలం, యెల్లబిన్
పశ్చిమ ఆస్ట్రేలియా
జనవరి 21

గోధుమ రైతుల సంఘంలో యంత్రాల సలహాలిచ్చే రెన్‌ఫ్రీ గారికి, ఐలీన్ ట్రెలోర్ అనే రైతు భార్య దండం పెట్టి రాస్తున్నది.

మీరు పెర్త్ నుంచి కొత్తగా వచ్చారని పోస్టాఫీసులో చెప్పారు. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. ఫోను చేద్దామంటే మా ఇంట్లో అది నీళ్ళ ట్యాంకు ఎక్కితేనే పలుకుతుంది. ఈ మోకాళ్ళతో నేను ఎక్కలేను.

మా ఆయన రస్ కలుపుమందు కొట్టే కొత్త యంత్రం తెస్తానంటున్నాడు. ఇన్నాళ్ళూ మాది రెక్కలు చాపుకుని పోయే పాత యంత్రం. కలుపు ఉన్నా లేకపోయినా పొలమంతా తడిపేస్తుంది. కొత్తవాటికి కళ్ళుంటాయట, కలుపు కనబడిన చోటే మందు చుక్క వేస్తాయట. వంటింటి బల్ల నిండా వాటి కరపత్రాలే. ప్రతిదాని మీదా ఒక రైతు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కలుపు చచ్చినందుకు అంత నవ్వే రైతును నేనైతే ఎక్కడా చూడలేదు.

నాకు ఒక్కటే తెలియాలి. ఆ కళ్ళు పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ కొడతాయా? ఒక్క మొక్కను వదిలెయ్యమంటే వదులుతాయా? ఆ మొక్క మా అబ్బాయి బ్రోడీ చేతిది. ఏటా ఎండాకాలంలో వాన పడితే, కోత అయిపోయిన బీడులో దానంతటదే లేస్తుంది. బ్రోడీ రెండేళ్ళ కిందట పోయాడు. రక్తానికి వచ్చే జబ్బు. అంతకంటే రాయలేను.

ఇట్లు,
ఐలీన్ ట్రెలోర్

తా.క. ఈ ఉత్తరం సంగతి రస్‌కు తెలియదు. జవాబు కవరు మీద 'కేకుల పోటీ' అని రాయండి. ఇక ఆయన దాని జోలికి రాడు.

*

రైతుల సంఘం కార్యాలయం
జనవరి 27

గౌరవనీయులైన ట్రెలోర్ గారికి,

మీ అబ్బాయి సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. నాకు తెలిసింది యంత్రాల గురించే కనుక అదే రాస్తాను.

కళ్ళున్న యంత్రాలు రెండు రకాలు. మొదటిది బోడినేల మీద పనికొస్తుంది. గోధుమరంగు నేల మీద పచ్చగా ఏది కనబడినా కొడుతుంది. అది కలుపా, మీ మొక్కా అని ఆలోచించదు. రెండోది పచ్చటి పైరులో కూడా కలుపును ఆకు ఆకారం చూసి వేరు చేస్తుంది. ధర చాలా ఎక్కువ. పైగా దానికి నేర్పిన మొక్కలే దానికి తెలుసు. కలుపు పలచగా ఉన్న పొలంలోనే వీటివల్ల మందు ఆదా అవుతుంది. దట్టంగా ఉంటే పాతదానితో పొలమంతా తడపడమే మేలు.

సరైన సలహా ఇవ్వాలంటే మీకు ఎన్ని హెక్టార్లు ఉన్నాయో, ఏయే కలుపులు ఉన్నాయో, మీ మొక్క పేరేమిటో తెలపాలి.

భవదీయుడు,
టోబీ రెన్‌ఫ్రీ

తా.క. కవరు మీద మీరు చెప్పినట్టే రాశాను. మా కార్యదర్శి హాలరన్ గారు అది చూసి, తన చాక్లెట్ కేకును కూడా పోటీలో చేర్చమంటున్నారు.

*

ట్రెలోర్ పొలం
ఫిబ్రవరి 2

రెన్‌ఫ్రీ గారికి, మీ మంచి మాటకు మొక్కి రాస్తున్నాను.

ఎన్ని హెక్టార్లో అడగకండి బాబూ. ఇక్కడ ఆ మాట అడిగితే బ్యాంకు పుస్తకం తీసి చూపించమన్నట్టే. పెళ్ళయిన పదేళ్ళ దాకా నాకే చెప్పలేదు రస్. వంటింటి కిటికీలోంచి చూస్తే అటు చివరి కంచె కనబడదు. అంత అనుకోండి.

కలుపంటే పైరులో అడవి ముల్లంగి, బీడులో అక్కడక్కడా చేదుపుచ్చ. ముల్లంగి 'కాస్త ఉంది' అంటాడు రస్. ఇక్కడి మగవాళ్ళు కాస్త అన్నారంటే నడుం దాకా ఉందనుకోండి.

మొక్క పేరు రాయడానికి మాత్రం సిగ్గుగా ఉంది. వచ్చే గోధుమ కోసం బీడులో చుక్క తడి కూడా పోకుండా దాచుకునే ఊరు ఇది. అలాంటి చోట నేను రోజూ ఆయన వర్క్‌షాపులోకి వెళ్ళగానే పికప్ బండిలో నీళ్ళ డబ్బా పెట్టుకుని వెళ్ళి, బీడు మధ్యలో ఒక మొక్కకు పోసి వస్తున్నాను. ఆయన మందు కొట్టే రోజున ముందే వెళ్ళి దాని మీద బకెట్టు బోర్లించి వస్తాను. ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

రస్‌కు చెప్పొచ్చు కదా అంటారేమో. అంత్యక్రియల తర్వాత ఆయన నోట బ్రోడీ పేరు రాలేదు బాబూ. భోజనం బల్ల దగ్గర వాన గురించి మాట్లాడతాడు. వాన లేకపోతే అదీ లేదు. ఆ మొక్క చస్తే ఇంట్లో వాడి ఊసు ఇక నాకు నేను చెప్పుకోవడమే.

ఉంటాను,
ఐలీన్ ట్రెలోర్

తా.క. నా బకెట్టు ఆకుపచ్చది. కొత్త యంత్రం బకెట్టును కూడా కొడుతుందా?

*

సంఘం కార్యాలయం
ఫిబ్రవరి 6

ట్రెలోర్ గారికి,

ఆకుపచ్చ బకెట్టయితే కొన్ని కెమెరాలు కొట్టే అవకాశం ఉంది. గోధుమరంగుది వాడండి.

ఇక ఈ మాట ఎలా రాయాలో తెలియడం లేదు. రోడ్డుకు దూరంగా, బీడు మధ్యలో, భర్తకు తెలియకుండా, బకెట్టు కింద, పేరు చెప్పడానికి వీల్లేని మొక్క. దానికి రోజూ నీళ్ళు. మీ బాధ నాకు అర్థమవుతుంది. కొందరు మనసుకు ఊరట కోసం అలాంటివి వాడతారని విన్నాను. కానీ చట్టం ఒప్పుకోదండీ. ఆ మొక్క ఏమిటో దయచేసి నాకు రాయకండి. రాస్తే నేను తెలిసినవాడిని అవుతాను. ఉద్యోగంలో చేరి రెండు నెలలే అయింది.

భవదీయుడు,
టో. రె.

తా.క. పూర్తి పేరు పెట్టనందుకు ఏమీ అనుకోకండి.

*

ట్రెలోర్ పొలం
ఫిబ్రవరి 10

టోబీ బాబుకి, కాళ్ళూ చేతులూ ఆడక రాస్తున్నాను.

చట్టమా! ఎప్పటి నుంచి? మా మామగారి కాలం నుంచీ ఈ ఊళ్ళో అందరి పెరట్లోనూ ఉంది. మనసుకు ఊరట అన్నారు, నిజమే. కోతల వేడికి అది లేకపోతే మనుషులు నిలబడలేరు. మధ్యాహ్నం కోతయంత్రం నీడలో కూర్చుని అందరం పంచుకునే వాళ్ళం. బ్రోడీ అయితే ఒక్కడే సగం లాగించేసి, మళ్ళీ యంత్రం ఎక్కి సాయంత్రం దాకా పాటలు పాడుతూ నడిపేవాడు.

కాపు ఎక్కువైన ఏడు ఫుట్‌బాల్ క్లబ్బుకు మోసుకెళ్ళేవాడు. ఆట మధ్యలో ఇస్తే మావాళ్ళు రెట్టింపు పరుగెత్తేవాళ్ళు. పోలీసు సార్జెంటు గారు సిగ్గుపడకుండా మళ్ళీ మళ్ళీ అడిగి తీసుకునేవారు. పాస్టరు గారికి మాత్రం పడలేదు. ఆ రాత్రంతా లేస్తూనే ఉన్నానని మర్నాడు ప్రార్థనలో ఆవలించారు. చంటిపిల్లలకు పళ్ళు వచ్చేటప్పుడు నేనే చల్లగా చేసి చేతికి ఇచ్చేదాన్ని. ఒక్కరూ చెడిపోలేదు. ఒకడు ఇప్పుడు దంతవైద్యుడు.

ఇది నేరమైతే ఊరంతటినీ లోపల వెయ్యాలి. మీరు ఒకసారి రుచి చూస్తే ఇలా రాయరు. అందుకే మొదటి కాపులోంచి మీకొకటి గోనెగుడ్డలో చుట్టి, బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

ఇట్లు మీ క్షేమం కోరే
ఐలీన్

తా.క. ఒక్కరే తినకండి, ఆఫీసులో అందరికీ పెట్టండి.

*

సంఘం కార్యాలయం
ఫిబ్రవరి 14

ఐలీన్ గారికి, తల దించుకుని రాస్తున్న టోబీ నమస్కారాలు.

మీ పార్సిలు చేరింది. మీ ఉత్తరం అంతకు ముందు రోజే అందింది కనుక, బస్సు డ్రైవరు దాన్ని నా బల్ల మీద పెట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. బల్ల కిందికి తోసి కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజే సార్జెంటు గారు, అగ్నిప్రమాదాల హెచ్చరిక అంటించడానికి మా ఆఫీసుకు రావాలా! నేను మర్యాదగా లేచి నిలబడ్డాను. అది గోనెలోంచి దొర్లుకుంటూ వెళ్ళి ఆయన బూటుకు తగిలి ఆగింది.

నేను కళ్ళు మూసుకున్నాను. టక్ టక్ మని చప్పుడైంది. చూద్దును కదా, ఆయన వంగి వేలితో కొట్టి చెవి పెట్టి వింటున్నారు.

"పండిందోయ్. ఇది ఐలీన్ వాళ్ళ పొలంలోదే కదూ? హాలరన్ గారూ, కత్తి ఉందా?" అన్నారు.

పుచ్చకాయ! అమ్మా, పుచ్చకాయని ఒక్క మాట రాసి ఉంటే నేను వారం రోజులు నిద్రపోయేవాణ్ణి కదా.

దాన్ని గంజాయి అనుకున్న నా తెలివితక్కువతనాన్ని క్షమించండి. ఇక అసలు సలహా వినండి. మీ బీడులోని చేదుపుచ్చకూ, తినే పుచ్చకూ ఆకు దాదాపు ఒకటే. లేతగా ఉన్నప్పుడు నేనే తేడా చెప్పలేను. ఎంత డబ్బు పోసినా ఏ కెమెరా మీ అబ్బాయి తీగను గుర్తుపట్టి వదులుతుందని మాట ఇవ్వలేను. కనుక ఆ పని కోసం ఖరీదైన రకం తీసుకోవద్దు. మీ బీడుకు మొదటి రకం చాలు. దానికి మందును చేత్తో ఆపే మీట ఉంటుంది. యంత్రానికి లేని జాలి నడిపేవాడికి ఉంటే ఆ మీట నొక్కుతాడు. అంటే రస్ గారికి చెప్పక తప్పదు.

కొనడం కూడా ఇప్పుడే వద్దు. ఈ ఏడు అద్దెకు తెచ్చి కొట్టించి, ఎంత మందు మిగిలిందో చూసి అప్పుడు ఆలోచించండి. అద్దె యంత్రం ఉన్న డఫీ గారిని గురువారం మీ పొలానికి తీసుకొస్తున్నాను. రస్ గారే స్వయంగా నడిపి చూడాలని అడుగుతాను. పక్కన ఇంకో సీటుంది, అందులో మీరు కూర్చోండి.

మీ
టోబీ

తా.క. కడిగే తిన్నాం. పాస్టరు గారు చెప్పింది నిజం.

*

ట్రెలోర్ పొలం
ఫిబ్రవరి 21

టోబీ బాబుకి, ఐలీన్ దీవించి రాస్తున్నది.

మీరు సంఘానికి రిపోర్టు పంపేలోపు ఇది అందాలని ఉదయాన్నే కూర్చుని రాస్తున్నాను. గురువారం యంత్రం పొలం మధ్యలో ఆగిపోయి కదలకపోతే మీరూ, డఫీ గారూ ఆ ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చారు. రస్ కిటికీలోంచి "ఏదో చిన్న తేడా చేసింది, సర్దుకుంది" అన్నాడు. డఫీ గారు పాపం యంత్రం కిందికి దూరి నూనె పూసుకున్నారు. జరిగింది అది కాదు.

బయలుదేరిన కాసేపటికే రస్ మీట నొక్కాడు. నా బకెట్టు ఇంకా చాలా దూరాన ఉంది.

"మందు ఎందుకు ఆపావు?" అన్నాను.

"ఊరికే."

కాస్త పోనిచ్చి మళ్ళీ నొక్కాడు. ఈసారి నేను కిందికి చూశాను. నున్నటి నేల మీద చక్కగా పాకిన పుచ్చతీగ. చుట్టూ గలా చిలకలు పొడవకుండా కోళ్ళ వల కప్పి ఉంది. ఆ పక్కన ఇంకొకటి. దానికీ వల.

ఇంతలో నా బకెట్టు వచ్చింది. మళ్ళీ మీట నొక్కాడు.

"రస్, ఆ బకెట్టు సంగతి నీకు తెలుసా?"

"చుట్టూ చూపు ఆనినంత దూరం గడ్డిపోచ లేదు. మధ్యలో ఒక బకెట్టు. నేనేమో ఇంటి కప్పంత ఎత్తున కూర్చుని ఉంటాను. ఏమనుకున్నావు ఐలీన్, నేను గుడ్డివాడినా?"

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

"ఈ మిగతా తీగలు ఎక్కడివి?"

"వాడు ఒక్క చోటే తిన్నాడా? కోతల్లో ఎక్కడ యంత్రం ఆపితే అక్కడ కూర్చునేవాడు. నా పక్కనే కదా కూర్చుని గింజలు ఉమ్మేది. ఎవరు దూరం ఉమ్ముతారని పందెం. ప్రతిసారీ వాడే గెలిచేవాడు, వెధవ. నువ్వు ఒక్కదానికి నీళ్ళు పోసుకుంటున్నావు. మిగతావాటికి ఎవరు పోస్తున్నారనుకున్నావు?"

నా కళ్ళ ముందే వర్క్‌షాపులోకి వెళ్ళేవాడు కదా బాబూ, వెనక తలుపులోంచి నీళ్ళ డబ్బా పట్టుకుని బయటపడేవాడట. అటువైపు ఆయన, ఇటువైపు నేను. ఒకే పొలంలో ఇద్దరం దొంగల్లా తిరిగాం.

కొత్త యంత్రం మీద ఎందుకు పడ్డాడో కూడా అప్పుడే చెప్పాడు. పాతది పొలమంతా మందు చిమ్ముతుంటే తుంపర గాలికి తేలి తీగల మీద పడుతోందట. ఆకులు మాడిపోతుంటే చూడలేకపోయాడట. కళ్ళున్న యంత్రమైతే చేదుపుచ్చ ఉన్న చోటే కాస్త కొట్టి పోతుంది, గాలిలోకి లేచేది తక్కువ అని లెక్క వేసుకున్నాడు. నేను ఏ యంత్రం వస్తే మొక్క చస్తుందని మీకు రాశానో, ఆ యంత్రాన్ని ఆయన ఆ మొక్కల కోసమే వెతుకుతున్నాడు.

అప్పుడు ఇంజను కట్టేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "బ్రోడీ" అన్నాడు. అంతే అన్నాడు. కాసేపటికి, "బ్రోడీకి ఈ సీటు నచ్చి ఉండేది, కాళ్ళు చాపుకోవచ్చు" అన్నాడు. ఇక ఆగలేదు బాబూ. వాడు గేటును గుద్దిన సంగతీ, గొర్రెపిల్లను మంచంలో పడుకోబెట్టిన సంగతీ, నాకు తెలియకుండా ఇద్దరూ చేసిన వెధవపనులూ, అన్నీ చెప్పాడు. ఒకసారి ఏడుస్తూ నవ్వాడు, ఒకసారి నవ్వుతూ ఏడ్చాడు. నేనూ అంతే. మీరు తలుపు కొట్టినప్పుడు గొర్రెపిల్ల కథ మంచి పట్టులో ఉంది, అందుకే వెంటనే తియ్యలేదు.

మీ సలహా ప్రకారం ఈ ఏడు అద్దెకే కొట్టిస్తాం. మొదటి రకమే. రస్ ఒప్పుకున్నాడు. అది పచ్చదాన్ని చక్కగా పట్టుకుంటోందనీ, మందు చాలా మిగిలిందనీ కూడా రాయమన్నాడు.

కాబట్టి మీ రిపోర్టులో యంత్రం దారిలో చెడిపోయిందని దయచేసి రాయకండి. డఫీ గారి పొట్ట కొట్టినట్టవుతుంది. దానిలో ఏ లోపమూ లేదు.

మీ రాక కోసం చూసే
ఐలీన్, రస్ ట్రెలోర్

తా.క. ఆగిన కారణం కోసం గడి ఏదైనా ఉండి, తప్పకుండా నింపాలంటే, 'నడిపేవాళ్ళు మాట్లాడుకుంటున్నారు' అని రాయండి.