కమాను మీది బాతుపూల తీగ

కాడుగోడి, బెంగళూరు
శనివారం

ప్రియమైన రమణక్కకు,

నీ తమ్ముడు రెడ్డెప్ప నమస్కారాలు. ఇక్కడ నేను, పద్మ, పాప శైలజ ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వూ బావా ఆరోగ్యంగా ఉన్నారని, నీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని అనుకుంటున్నాను. చెవికి డాక్టరు ఇచ్చిన మందు వేసుకుంటున్నావా? ఫోన్లో నేను గొంతు చించుకోవడం, నువ్వు ఆఁ ఆఁ అనడం, మా పక్కింటివాళ్లు ఏదో తగాదా జరుగుతోందని తలుపు తీసి చూడడం, ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. చెవి మొండికేసినా నీ కళ్లకేం లోటు లేదు కదా. పైగా ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది, అడగాల్సింది ఒకటి ఉంది.

ఇక్కడ శ్రావణం మొదలైనప్పటి నుంచి ఒకటే ముసురు. మన దగ్గర వాన ఎప్పుడొస్తుందా అని ఆకాశం చూస్తాం, ఇక్కడ ఎప్పుడు ఆగుతుందా, తడిబట్టలు ఎప్పుడు ఆరేసుకుందామా అని చూస్తున్నాం. చలికి పద్మ రోజూ రాగిసంగటే చేస్తోంది. పప్పులోకి నువ్వు పంపిన ఊరమిరపకాయలు నంజుకుని, అయిపోయాక డబ్బా అడుగున ఉన్న ఉప్పు కూడా వదల్లేదు. ఇక్కడి సాంబారులో బెల్లం వేస్తారు చూడు, మూడేళ్లయినా అది నా నోటికి ఎక్కలేదు. పద్మ వంటకు వెళ్లే ఇంటివాళ్లు మంచివాళ్లు, మధ్యాహ్నానికల్లా పంపేస్తారు. పాప ఎనిమిదో తరగతి. ఇంట్లో కూడా కన్నడంలోనే దెబ్బలాడుతోంది. మా గురించి దిగులు పడొద్దు.

నేను వైట్‌ఫీల్డులో అపార్ట్‌మెంట్ల తోటపనిలోనే ఉన్నానని నీకు తెలుసు. కానీ ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మొదటి ఏడాదంతా అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మాలీ అంటే పలికేవాణ్ని. ఊళ్లో ఏ గడపలోకి వెళ్లినా రారా రెడ్డెప్పా అనేవాళ్లు. ఇక్కడ హాజరు పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు తప్ప నా పేరు నాకే కనబడేది కాదు. బయటికి చెప్పుకోలేదు గానీ, చాలా బాధగా ఉండేది.

అది ఒక తీగ వల్ల మారింది. మెయిన్ గేటు లోపల ఒక పెద్ద ఇనుప కమాను ఉంది. నాకు ముందున్నవాళ్లు దాని మీదికి ఏవేవో పాకించాలని చూశారట, ఏదీ బతకలేదు. నేను తవ్వి చూస్తే అడుగున అంతా సిమెంటు పెళ్లలూ ఇటుక ముక్కలూ. అవన్నీ తీసి, ఎర్రమట్టి పోసి, నర్సరీ నుంచి ఒక తీగ తెచ్చి పెట్టాను. నర్సరీవాళ్లు బాతుపువ్వు అంటారు. పువ్వు అరచేయంత ఉంటుంది, వంకాయరంగు వల అల్లినట్టు గీతలు, వెనక బాతు పొట్టలా ఉబ్బు. రెండు వానలకు కమాను కనబడకుండా అల్లుకుంది. వచ్చినవాళ్లంతా దాని కింద నిలబడి ఫోటోలు. ఎవరికైనా గుర్తు చెప్పాలంటే రెడ్డెప్ప తీగ దగ్గరికి రమ్మనడం మొదలుపెట్టారు. అలా మూడు వందల ఇళ్లకు నా పేరు తెలిసింది. మేనేజరు కూడా నన్ను తోటపనివాళ్లకు పెద్దను చేశాడు.

ఇక అసలు కథ. పోయిన ఏడు ఆ తీగ మీద నల్లటి ఒంటికి ఎర్రటి ముళ్లున్న పురుగులు కనబడ్డాయి. ఎర్ర గొంగళి అనుకున్నాను. మన వేరుశనగ చేను ఒక్క వారంలో ఈనెలు తప్ప మిగలకుండా తినేసిన ఏడు నీకు గుర్తుందిగా, గట్ల మీద మంటలు వేసి ఊరంతా కాపలా కాశాం. ఎరుపూ నలుపూ కలిసి కదిలితే చాలు, మన చేయి ఆగదు. దొరికినన్ని నలిపేశాను. వారానికోసారి వేపనూనె కొట్టాను. నా తీగ మీద పురుగు నిలవదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఈ వేసవిలో మూడో అంతస్తులోకి నాగరత్నమ్మగారు అనే రిటైరైన టీచరమ్మ వచ్చారు. వాళ్ల తాతల కాలంలోనే ఇక్కడికి మగ్గాలతో వచ్చేసిన తెలుగువాళ్లు. ఆమె తెలుగులో సగం కన్నడం ఉంటుంది, కానీ వింటుంటే మన ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె నా చేతిలో మందు కొట్టే పంపు చూసి, అవి సీతాకోకచిలుక పిల్లలు, కొట్టొద్దని అడిగారు. పెద్దావిడ మాట కాదనలేక మానేశాను. తీగంతా మొండి అయిపోతుందని లోపల భయమే.

మొండి కాలేదు. అక్కడే నాకు ఆశ్చర్యం. మందు కొట్టకపోయినా పురుగులు చచ్చిపోతున్నాయి. గుడ్డు పగిలి బయటికి వస్తాయి, ఆకు అంచు కొరుకుతాయి, రెండు మూడు రోజుల్లో జీలకర్ర గింజల్లా ఎండి ఆకుకు అంటుకుపోతాయి. తల్లి మాత్రం రోజూ పొద్దున పది గంటలప్పుడు వస్తోంది. నల్ల రెక్కలు, తోక, ఎర్రటి ఒళ్లు. ఆకు మీద వాలి ముందు కాళ్లతో తడుతుంది, తర్వాత పొట్ట వంచి నారింజరంగు గుడ్డు ఒకటి అంటిస్తుంది. ఇన్ని గుడ్లు పెడుతుంటే ఒక్కటీ ఎందుకు బతకడం లేదు? చీమలా, వాననీళ్లా, పాత వేపనూనె ఆకులో మిగిలిందా? పని చేస్తున్నా అదే ఆలోచన. పద్మ అయితే, నీ అక్కకు రాసి అడగరాదా, మంత్రం వేస్తుంది అని వెక్కిరించింది.

కొత్త విత్తనం తెచ్చినప్పుడు నాయన ఏం చేసేవాడు? పక్కనే ఒక సాలు పాత విత్తనం వేసేవాడు. రెండూ పక్కపక్కన చూస్తేనే తెలుస్తుందిరా అనేవాడు. నేనూ అదే చేశాను. ముందు, మందు ఎరగని కొత్త చిగుళ్లు కడిగి, సీసాలో పెట్టి, పురుగుల్ని అందులో వదిలాను. చీమా లేదు, వానా లేదు. అయినా చచ్చిపోయాయి. అంటే తప్పు ఆకుదే. మరి పక్క సాలుకు ఏ ఆకు వేయాలి? నాగరత్నమ్మగారిని అడిగితే, ఈశ్వరి తీగ తెలుసా అన్నారు.

నాకు నవ్వొచ్చింది అక్కా. మీ పశువుల దొడ్డి కంప నిండా ఉండేది అదే కదా. పాము రాదని మీ అత్త పీకనిచ్చేది కాదు. దాన్ని తినే బతికే జీవి ఒకటుందని మాత్రం నాకు ఇన్నేళ్లలో తెలియదు. నాగరత్నమ్మగారి చిన్నప్పుడు ఈ కాడుగోడిలో ప్రతి కంచె మీదా ఉండేదట. ఇప్పుడు కంచెలెక్కడివి, అన్నీ గోడలే. రెండు ఆదివారాలు రైలు పట్టాల పక్కన, చెరువుకట్ట మీద వెతికాను. వయ్యారిభామ ఎంత కావాలంటే అంత, ఈశ్వరి మాత్రం లేదు. చివరికి కె.ఆర్.పురం సంతలో చింతామణి వైపు నుంచి వచ్చి ఆకుమందులు అమ్మే ఒకావిడ, పైవారం తడిగుడ్డలో చుట్టి ఒక కట్ట తెచ్చి ఇచ్చింది.

ఒకే రోజు పగిలిన గుడ్ల పురుగులు ఎనిమిది. రెండు ఊరగాయ సీసాలు. నాలుగింటికి బాతుపువ్వు ఆకు, నాలుగింటికి ఈశ్వరి. మూడో రోజుకు మొదటి సీసాలో కదలిక లేదు. రెండో సీసాలో కరువు నుంచి వచ్చినట్టు తింటున్నాయి. రోజురోజుకూ ఆకు చాలదు, వారం వారం సంతలో ఆవిడ దగ్గర కొత్త కట్ట తెచ్చేవాణ్ని. పాప బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా సీసా ముందు కూర్చునేది. వేలంత లావయ్యాయి, గూళ్లు కట్టుకున్నాయి. ఒకటి గూట్లోనే పోయింది. మిగతా మూడూ రెక్కలొచ్చి బయటికి వచ్చాయి. వాటిని చూస్తుంటే సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. పోయిన ఏడు ఎన్ని నలిపానో నాకు లెక్క తెలియదు.

రెండూ ఒకే వంశం తీగలని, తల్లి మోసపోతోందని నాగరత్నమ్మగారు చెప్పారు. ఆమె మాటల్లోనే రాస్తాను. “వాసన ఒకే మాదిరి ఉండాదప్పా. తల్లి కాలితో తట్టి చూసి మన తీగే అనుకుంటాది. ఈ బాతుపువ్వు సముద్రం అవతలిది. ఇక్కడి బిడ్డకు ఆ ఆకు ఒంటికి పడదు.” అయితే బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవేనా అని అడిగాను. మిరపకాయ, టమాటా కూడా అలా వచ్చినవేనట. మన వేరుశనగ కూడా పరాయి దేశందేనట. నీ పుట్టింటినీ మెట్టినింటినీ పోషించిన పంట అది. రెండు రోజులు నమ్మలేకపోయాను. వచ్చింది తప్పు కాదప్పా, దాన్ని నమ్ముకొని వచ్చినోళ్ల గతి ఏమవుతాదని చూడాల అన్నారామె.

ఇక తీగను ఏం చేయాలి? ఆమె నోటితో చెబితే బాగుండునని ఆశపడ్డాను. “కొయ్యమని నేను చెప్పను. నీ పేరుండాది దానికి, నువ్వే ఆలోచించుకో” అన్నారు. వారం రోజులు తప్పించుకోవడానికి దారులు వెతికాను. నిజం చెబుతున్నాను. నిచ్చెన వేసుకొని గుడ్లన్నీ ఏరి సీసాల్లోకి మారుద్దామనుకున్నాను. ఏరినకొద్దీ పెడుతోంది, సంత ఆకు ఎన్నింటికి సరిపోతుంది? చూడనట్టు ఊరుకుందామనీ అనిపించింది. తీగ పోతే మళ్లీ మాలీ అంటారేమోనని భయపడ్డాను. పద్మ కూడా, వచ్చిన మంచి పేరు చేతులారా చెడగొట్టుకుంటావా అంది. కానీ ఆ తల్లి వచ్చి ఆకు తడుతుంటే చూడలేకపోయాను.

మేనేజరు దగ్గరికి వెళ్లి, ఎండిన పురుగులున్నదీ ఖాళీ గూళ్లున్నదీ, ఆ రెండు సీసాలూ బల్ల మీద పెట్టాను. తీగ తీసేస్తానన్నాను. చెడ్డవాడు కాదు, ఆయనా జవాబు చెప్పుకోవాలి కదా. ఆయుధపూజకు గేటు అలంకరిస్తారు, ఆలోగా కమాను మీద పచ్చగా ఏదైనా పాకుతూ కనబడాలి, లేకపోతే ప్లాస్టిక్ తీగ కట్టించేస్తానన్నాడు. సరేనన్నాను. బుధవారం పొద్దున కొడవలి తీసుకున్నాను. రెండు గంటలు పట్టింది. దారినపోయేవాళ్లు నీకేమైనా పిచ్చా రెడ్డెప్పా అన్నారు. ఒకావిడ మేనేజరుకు ఫిర్యాదు కూడా చేసింది. వేరు ముక్క మిగలకుండా తవ్వి తీసేశాను. నా చేతులతో పెంచింది, నా చేతులతోనే తీశాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

అందుకని అడుగుతున్నాను అక్కా. మీ దొడ్డి కంప నుంచి ఈశ్వరి తీగ నాలుగు మొదళ్లు వేరుతో, మట్టితో సహా తవ్వించి, తడి గోనెలో చుట్టి పంపు. మన సురేంద్ర ప్రతి సోమవారం టమాటా లారీలో కె.ఆర్.పురం వస్తాడు, అతని చేతికిస్తే నేను వెళ్లి అందుకుంటాను. కాయలు ముదిరి ఉట్టిలా విచ్చుకున్నాక గింజలు కూడా దాచి పెట్టు. తవ్వాక చేతులు బాగా కడుక్కో, మనవణ్ని దగ్గరికి రానివ్వకు, అది కడుపులోకి పోతే మంచిది కాదు. ఇంకో మాట. పోయినసారి వచ్చినప్పుడు ఆ కంప పీకేసి సిమెంటు స్తంభాలు నాటమని బావకు చెప్పింది నేనే. తెలియక చెప్పాను. పీకకపోయి ఉంటే అలాగే ఉంచమను. పీకేసి ఉంటే గడ్డివాము వెనక చూడు, వేరు ఎక్కడో ఉంటుంది, ఈ వానలకు చిగురించి ఉంటుంది.

ఆలస్యం చేయకు. ఎందుకంటే, తీగ కోసిన మర్నాడు పది గంటలకు ఆ తల్లి మళ్లీ వచ్చింది.

ఉత్త కమాను చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఇనుప చువ్వ మీద వాలి కాళ్లతో తట్టింది, లేచింది. నేను కింద నిలబడి ఉన్నాను. ముందురోజు చొక్కానే వేసుకున్నాను, దాని చేతుల మీద తీగ పసరు మరకలు ఇంకా ఉన్నాయి. అది దిగి వచ్చి నా మోచేతి మరక మీద వాలింది. అక్కా, ఆకును తట్టినట్టే నా చొక్కాను తట్టి చూసింది. చేయి కదపకుండా నిలబడ్డాను. కాసేపుండి ఎగిరిపోయింది. నిన్నా వచ్చింది. ఈరోజూ వచ్చింది.

బావకు, మీ అత్తకు, చిన్నాయనకు నా నమస్కారాలు. పిల్లలకు పద్మ, శైలజ ముద్దులు. నీ చేతులతో తవ్విన మొక్కకు నీ దీవెన ఎలాగూ ఉంటుంది, నాకూ కొంచెం ఉంచు.

నీ తమ్ముడు
రెడ్డెప్ప