బిలహరికి షుగరొచ్చింది

నౌపడ

చిరంజీవి మహతికి మావయ్య చంద్రశేఖరం దీవెనలు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో ఏడిస్తే నీకు వినిపిస్తుంది. ఉత్తరమైతే కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసుకోవచ్చు.

మన బిలహరికి షుగరొచ్చింది. బిలహరి అంటే, మొన్న వానల్లో ఇంట్లోకొచ్చి, వీణకి తొడిగే గవుసెన మీద పడుకుని, ఇక కదలని పిల్లి. ఈమధ్య తాగిన నీళ్ళకి లెక్కలేదు, ఎంత తిన్నా చిక్కిపోతున్నాడు. టెక్కలి పశువుల డాక్టరు రక్తం చూసి, రెండు పూటలా తిండి తిన్నాక ఇన్సులిన్ సూది వెయ్యమన్నాడు. పనికొచ్చే జగ్గమ్మ, "పిల్లికి సుగరేటి బాబూ! ఇంకా నయం, కళ్ళజోడు రాయనేదు" అంది.

నాకా, సూదంటే ప్రాణం పోతుంది. మధ్యాహ్నం కునుకులో బిలహరి ఉప్పుమళ్ళ దగ్గర తెల్లటి కుప్పెక్కి కూచుని, "ఇదంతా పంచదారేనా మావయ్యా?" అని అడిగాడు. ఉప్పు నాన్నా అన్నాను. నమ్మలేదు. లేచి కిటికీలోంచి చూస్తే ఎండలో కుప్పలు అలాగే తేలుతున్నాయి. కాసేపు నాకూ అనుమానమొచ్చింది.

ఏం చెయ్యాలో రాయి.

మావయ్య

తా.క.: పూటకి ఒక యూనిట్ అన్నాడు డాక్టరు. కరెంటు బిల్లులో కలుస్తుందా అని అడిగాను. అంత నవ్వడమెందుకు?

*

ఎచ్చెర్ల

మావయ్యకి నమస్కారాలు.

ఏ పిల్లి మావయ్యా? కిందటేడు "వీణ గొంతు బొంగురుపోయింది" అని రాశారు. కాలేజీకి సెలవు పెట్టి వచ్చి చూస్తే దగ్గు మీకు. అంతకుముందు "కుర్చీకి మోకాళ్ళ నొప్పులు" అన్నారు. ఇప్పుడు పిల్లి. అర్థమైంది. మీ మర్యాద కోసం నేనూ పిల్లి అనే అంటాను.

పిల్లిని పొద్దున్నే నడవమనండి. అన్నం తగ్గించి, నానబెట్టిన మెంతులు తినమనండి. షుగరున్నవాళ్ళకి పుండు పడితే ఓపట్టాన మానదు, రోజూ పాదాలు చూసుకోమనండి. సూదికి భయపడొద్దని నా మాటగా చెప్పండి.

మీ మహతి

తా.క.: మీసాలున్నంత మాత్రాన అందరూ పిల్లులైపోరు.

*

నౌపడ

చిరంజీవి మహతికి దీవెనలు.

చెప్పినవన్నీ చేశాం. పాత పంచె అంచు చింపి తాడు పేని, మెడకి కట్టి, ఉప్పుమళ్ళ గట్టు మీద నడక మొదలెట్టాం. నాలుగడుగులకే కూలబడ్డాడు. మిగతాది ఎత్తుకుని నేనే నడిచాను. మెంతులు పెడితే, అపస్వరం పాడిన శిష్యుణ్ణి నేను చూసే చూపు చూశాడు.

అన్నం పూర్తిగా మాన్పించి చేపలు పెట్టమన్నాడు డాక్టరు. మనది మడి ఇల్లాయె. జగ్గమ్మ భావనపాడు చేపలు తెచ్చి పెరట్లో ఉడకబెడుతోంది. మొదట్లో వాసనకి వీణ ఆపేసేవాణ్ణి. ఇప్పుడు ఆపడం లేదు.

సూది కూడా అయింది. మెడ వెనక తోలు పైకెత్తి గుచ్చితే తెలియనే లేదు. నాకే కళ్ళు తిరిగాయంతే. ఈమధ్య ఊరికే తిరుగుతున్నాయి. దాహం కూడా. ఎండలు కదా.

మావయ్య

తా.క.: పాదాలు చూడమన్నావు. నాలుగూ బాగున్నాయి.

*

ఎచ్చెర్ల

మావయ్యకి నమస్కారాలు.

నాలుగా? షుగరు తలకెక్కిందా మావయ్యా? మెడ వెనక మీకు మీరే ఎలా గుచ్చుకున్నారు? చేపల సంగతి నేనెవరికీ చెప్పను, తింటే తిన్నారు.

అమ్మ కూడా ఇలాగే దాచింది. "నాకేం లేదే" అంటూ అంటూనే ఆ షుగరుతోనే పోయింది. నాకింక మీరొక్కరే ఉన్నారు. నా దగ్గర నటించకండి, భయమేస్తోంది. షుగరు చూసుకునే మిషను పంపుతున్నాను. చూసి ఎంతుందో నిజం రాయండి. ఆదివారం వస్తున్నాను.

మీ మహతి

తా.క.: ముందు మెడలోంచి ఆ తాడు తీసెయ్యండి. ఊళ్ళోవాళ్ళు చూస్తారు.

*

నౌపడ

చిరంజీవి మహతికి దీవెనలు.

మిషను అందింది. పిల్లికైతే చెవి అంచున చుక్క రక్తం తియ్యాలట. మిషను చూడగానే బిలహరి బీరువా కింద దూరాడు. "ఏమీ ఉండదురా, ఇదిగో చూడు" అని ముందు నా వేలు గుచ్చుకుని చూపించాను. వచ్చిన అంకెని డాక్టరు రాసిచ్చిన బిలహరి చీటీ పక్కన పెట్టి చూశాం. జగ్గమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! పిల్లికన్నా నీకే ఎక్కువున్నాది బాబూ! నడు, టెక్కలెల్దాం!"

వెళ్ళాం. ఈసారి మనుషుల డాక్టరు దగ్గరికి. మాత్రలిచ్చాడు, చాలకపోతే సూదే అన్నాడు. వేయించుకుంటానన్నాను. మీ అమ్మ నాకు చెల్లెలు మహతీ. దాన్ని పోగొట్టుకున్నట్టు నన్ను నువ్వు పోగొట్టుకోకూడదు. ఇంక నీ దగ్గర ఏదీ దాచను.

ఇప్పుడు ఇద్దరం ఒకేసారి తింటాం. వాడికి సూది, నాకు మాత్ర. తర్వాత ఇద్దరం కునుకు తీస్తాం. నిన్న కలలో మళ్ళీ ఆ తెల్లటి కుప్ప మీదే కూచున్నాం. "ఇదంతా పంచదారేనా?" అని ఈసారి నేనడిగాను. బిలహరి నాలిక ఆనించి చూసి, "ఉప్పే మావయ్యా, భయం లేదు" అన్నాడు.

మావయ్య

తా.క.: ఆదివారం తప్పకుండా రా. ఇప్పటికీ పిల్లి లేదంటావని కింద సాక్షి సంతకం పెట్టించాను. సిరా మరక అనుకునేవు. పాదం అది. నాలుగింటిలో ఒకటి.