సగం నీళ్లు

12 మార్చి 2003
మనవరాలు ఈశ్వరి నా పూజగదిని ల్యాబ్ చేసేసింది. యూనివర్సిటీలో దుమ్మట. దేవుళ్ల దగ్గర దుమ్ముండదని ఎవరు చెప్పారో! రెండు పాలిమర్లు కలిపి జావలా కాచి, గాజుపలక మీద పలుచగా పోసి ఆరబెడుతుంది. ఆరిన పొరను యూనివర్సిటీకి పట్టుకుపోతుంది. స్పిరిట్‌లో కలిసిన నీళ్లు ఆ పొర దాటి పోతాయి, స్పిరిట్ ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, అర్థం కానట్టు నటించడం కుదరలేదు.

15 మార్చి
రోజూ వాళ్ల తాత ఫొటోకు పువ్వు పెట్టి మరీ పని మొదలుపెడుతుంది. తను పుట్టిన సంతోషంలో ఆయన గుండె ఆగిందని ఇరవై ఆరేళ్లుగా నేను చెప్పిన కథ. బాగానే చెప్పాను.

2 ఏప్రిల్
గాజుపలక పగిలింది. "తాత ఫొటో అద్దం ఇయ్యవ్వా, మళ్లా పెడతా" అంది. ఇచ్చాను. అద్దం తీసేస్తే మనిషి ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

10 ఏప్రిల్
ఆ అద్దం మీద పోసిన పొరే అన్నిటికన్నా మేలట. "తాత సాయం చేస్తాండాడవ్వా" అంటుంది. చేయడా మరి! నీళ్లంటే ఆయనకు ఎప్పుడూ గిట్టదు.

11 ఏప్రిల్
ఇంట్లో బ్రాందీ వాసన. ఈశ్వరికి రావడం లేదట.

19 ఏప్రిల్, మధ్యాహ్నం 3
చెప్పేశాను.
థీసిస్ మొదటి పేజీ తెచ్చి చూపించింది. 'నేను పుట్టిన సంతోషంతో కన్నుమూసిన తాతకు' అని. అచ్చులో తప్పు చూసి ఊరుకోవడం నాకు చేతకాదు.
పదకొండేళ్లు ఆయన సీసాల్లో దొంగతనంగా నీళ్లు కలిపాను. తాగుడు తగ్గలేదు, మనిషి నిలిచాడు. సీసా అంతా తాగడం మాత్రం అలవాటైంది. కూతురి కాన్పుకని సోమందేపల్లెలో పదిరోజులు ఉండిపోయాను. ఇక్కడ నీళ్లు కలిపేవాళ్లు లేరు. ఆయన ఎప్పటిలాగే సీసా అంతా తాగాడు. తాగడం ముగిస్తే గ్లాసు బోర్లించేవాడు. నేను వచ్చేసరికి ఆయన లేడు. గ్లాసు నిలబడే ఉంది, అడుగున కొంచెం మిగిలి.
ఈశ్వరి అద్దం లేని ఫొటోను చూసింది. తర్వాత "ఎంత కలిపేదానివవ్వా?" అంది.
సగానికి సగం, అన్నాను.
పేజీ చింపలేదు. మడిచి పట్టుకుపోయింది.

27 ఏప్రిల్
వారం రోజులు ఫొటోకు పువ్వు పెట్టలేదు. ఇవాళ వచ్చి చిన్న సీసా నా చేతిలో పెట్టింది. పొర దాటివచ్చిన నీళ్లు, రెండు చెంచాలు. "నీవేలే అవ్వా. బ్రాందీలో సగానికి సగం కలిపి, ఎనక్కి తీసినా" అంది.

28 ఏప్రిల్
నిన్న సాయంత్రం వాటిని ఆయన గ్లాసులో పోసి ఫొటో ముందు పెట్టాను. ఈ వేడికి ఆరిపోతాయనుకున్నాను. ఆరిపోయాయి.
గ్లాసు బోర్లించి ఉంది.