ఎనిమిదో స్టాంపు మీద పసుపు

వేంపల్లె,
ఆదివారం.

చి.ల.సౌ. శ్రీవిద్యకు నీ ఇంటాయన ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను, మన బట్టల అంగడి అంతా కులాసా. విజయవాడలో నీ ట్రైనింగూ, ఆ హాస్టల్ సాంబారూ ఎలా ఉన్నాయో రాయి.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది, ఒప్పుకోదు, అంతే. నీ పోలండు స్టాంపు వచ్చిందా అని మూడుసార్లు అడిగావు. వచ్చింది, దసరాకు ముందురోజే. నీ ఆల్బమ్‌లో దాని చోట నేనే పెట్టాను. యుద్ధంలో దేశం పోగొట్టుకున్న ప్రభుత్వం లండన్‌లో కూర్చుని వేసిన స్టాంపులనీ, వాళ్ళ ఓడల్లో, సైనిక శిబిరాల్లో మాత్రమే చెల్లేవనీ నువ్వు చెప్పిందంతా పోస్టుమ్యాన్ వెంకటేశ్వర్లుకు నేనే వినిపించాను. "సొంతూర్లో చెల్లని స్టాంపు యాడన్నా ఉంటాదా అప్పా?" అని నోరెళ్ళబెట్టాడు. నీ భర్తకూ కాస్త జ్ఞానం ఉందని ఇప్పుడు ఊరికి తెలిసింది.

ఈ ఎనిమిదోదీ వచ్చింది కాబట్టి ఆ పోలండు సెట్టు నిండింది. వచ్చేనెల కడప స్టాంపుల ప్రదర్శనలో నీ పేజీ పెట్టొచ్చు. తొమ్మిదేళ్ళుగా నువ్వు ఎదురుచూసింది దీనికోసమేనని నాకు తెలుసు. అందుకే ఈ మాట ఫోన్‌లో చెప్పలేకపోయాను.

ఆయుధపూజ రోజు అంగట్లో గజంబద్దకూ, కత్తెరకూ, కుట్టుమిషన్‌కూ పసుపు కుంకుమ పెడుతున్నాను. అమ్మ నీ ఆల్బమ్ తెచ్చింది. "నీ పెండ్లానికి ఇదే గదరా ఆయుధం. దీనికీ పెట్టు" అంది. నాకూ శానా బాగుందనిపించింది. అట్టకు పెట్టి ఊరుకున్నానా? కొత్త స్టాంపుకూ పూజ అందాలని పేజీ తెరిచి, తడి పసుపు సరిగ్గా నడిమధ్యన అద్దాను. అది ఎనిమిదో స్టాంపు మీదే పడింది. గుడ్డతో తుడిస్తే ఇంకా పాకింది. తప్పు నాదే, అమ్మను ఏమీ అనొద్దు.

"అట్లాంటిదే ఇంగోటి తెప్పిచ్చి పెట్టు, ఆయమ్మకు ఏం తెలుస్తాది" అన్నాడు వెంకటేశ్వర్లు. దొరుకుతుందట కూడా. కానీ నీ దగ్గర అబద్ధం చెప్పి ఆ పేజీ ముందు నిలబడటం నా వల్ల కాదు.

స్టాంపు తీసేయలేదు. కడపకు పంపేదీ లేనిదీ నీ ఇష్టం. పంపితే మాత్రం దాని కింద "వేంపల్లెలో పూజ అందుకున్నది" అని రాసి, పూజ చేసినవాడి పేరు కూడా వెయ్యి. చూసినవాళ్ళు నవ్వితే పక్కనే నేను నిలబడి ఉంటాను. కోపం వస్తే ఫోన్ చేయకు, ఉత్తరంలోనే తిట్టు. మంచి స్టాంపు అతికించి తిట్టు, దాచుకుంటాను.

ఇట్లు,
పసుపు చేతులతో
నీ భర్త
వాసుదేవ్