రానెట్టా, ఇమొజీన్ సైక్స్‌లను తిరిగి చేర్చుకొనుట గురించి

శ్రీయుత డాక్టర్ జెరాల్డ్ ప్రౌజ్ గారి సమక్షమునకు,
అధ్యక్షులు, టర్నర్స్ బెండ్ కమ్యూనిటీ కాలేజీ,
టర్నర్స్ బెండ్, ఆర్కన్సా రాష్ట్రం.

అయ్యా,

విషయం: పాకశాస్త్రం విద్యార్థిని రానెట్టా సైక్స్, నర్సింగు విద్యార్థిని ఇమొజీన్ సైక్స్‌లకు విధించిన శిక్షలను రద్దు చేయవలసినదిగాను, నాకు ప్రకటించిన శౌర్య పతకమును ఉపసంహరించుకొనవలసినదిగాను కోరుతూ.

తమ కాలేజీలో చరిత్ర బోధిస్తున్న ఆంబ్రోస్ కిట్రెల్ అను నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, కుడి భుజంలో తూటా దిగిన కారణంగా ఈ అర్జీని ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నందుకు మన్నించవలెను. మాటలు వంకరగా ఉంటే అందుకు మాత్రం తూటాను అనకండి. అది నా కోపం.

1. మా నడవా ఎలా ఉంటుందో తమకు తెలియకపోవచ్చు. కాలేజీలోని పాత చెప్పుల ఫ్యాక్టరీ భాగంలోకి తమరు వచ్చిన సందర్భం నాకు గుర్తులేదు. ఒక వైపు వంటగది, దాన్ని ఆనుకుని నా గది, ఎదురుగా నర్సింగు వాళ్ల గది. మధ్యాహ్నం కావస్తుంటే ఉల్లిపాయలు వేగే వాసన నా గదిలోకి వస్తుంది. ఇక అంతర్యుద్ధంలో ఎవరు గెలిచారన్న సంగతి ఎవరికీ పట్టదు. ఎదుటి గదిలో పిల్లలు రబ్బరు బొమ్మ గుండె మీద నొక్కుతూ గట్టిగా లెక్కపెడుతుంటారు. మా విద్యార్థుల్లో సగం మంది రాత్రి కోళ్ల ఫ్యాక్టరీలో పని చేసి, పొద్దున్నే మొహం కడుక్కుని క్లాసుకు వచ్చేవాళ్లే.

రానెట్టా, ఇమొజీన్ వదినా మరదళ్లు. డ్వైట్ సైక్స్ అనేవాడు రానెట్టాకు భర్త, ఇమొజీన్‌కు అన్న. కిందటి శీతాకాలంలో వాడు రానెట్టా దవడ విరగ్గొట్టాడు. ఆమెను కారులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఇమొజీనే. ఆ తర్వాత రానెట్టా వాడి ఇంటికి పోలేదు. ఇద్దరూ ఒకే కారులో కాలేజీకి వచ్చేవారు. ఒకరు వంటకీ, ఒకరు నర్సింగుకీ. చరిత్రకు మాత్రం ఇద్దరూ నా దగ్గరే ముందు వరసలో కూర్చునేవారు. రానెట్టాకు ఏదైనా పెద్ద ఆసుపత్రిలో వంటగది మొత్తం తన చేతి మీద నడపాలని కోరిక. “జబ్బు మనిషికి ఉప్పు లేని కూడు పెడతారు మాస్టారూ. దాంతోనే సగం చస్తారు” అనేది.

2. డ్వైట్ తన దరిదాపులకు రాకూడదని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు నకలును రానెట్టా తమ కార్యాలయంలో ఇచ్చింది. వెనక వైపు, సరుకులు దించే తలుపుకు గొళ్లెం ఊడిపోయిందనీ, వాడు వస్తే అటే వస్తాడనీ చెప్పింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి ఉద్యోగిని చాలా మర్యాదగా, “మీ విషయం పరిశీలనలో ఉందమ్మా” అన్నది.

“వాడు పరిశీలించడండీ, నేరుగా వచ్చేస్తాడు” అంది రానెట్టా.

వాడు నేరుగానే వచ్చాడు.

3. ఆ గురువారం వంటగది పిల్లలే సిబ్బందికి భోజనం వండి పెట్టాలి. రానెట్టా బల్ల దగ్గర నిలబడి కోళ్ల ఎముకలు తీస్తోంది. నా గదిలో పాఠం నడుస్తోంది. గోడ అవతల గిన్నెలు దొర్లిన చప్పుడైంది, ఆ వెంటనే మగ గొంతు. నేను సుద్దముక్క పట్టుకునే అటు వెళ్లాను. ధైర్యంతో వెళ్లానని తమ పత్రికా ప్రకటనలో రాశారు. కాదండీ. చప్పుడు చేస్తున్నారని మందలించడానికి వెళ్లాను.

పిల్లలు పొయ్యిల వెనక నక్కి ఉన్నారు. డ్వైట్ చేతిలో పిస్తోలు ఉంది. ఏడ్చినవాడిలా కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఇంటికి పద” అంటున్నాడు.

“ఏ ఇంటికి? నా దవడ పగలగొట్టిన ఇంటికా?” అంది రానెట్టా. ఆమె చేతిలో కోడి ఇంకా అలాగే ఉంది.

“పదిమందిలో నా పరువు తీస్తున్నావే!”

“పిస్తోలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది నువ్వురా. నీ పరువు నేను తియ్యడమేంటి?”

నేను మధ్యలోకి వెళ్లి, “బాబూ, ఇక్కడ క్లాసు జరుగుతోంది” అన్నాను. ముప్పై ఏళ్లుగా అలవాటైన మాట. వాడు నా వైపు తిరగనైనా తిరగకుండా చెయ్యి మాత్రం ఇటు చాచి కాల్చాడు. నేను గోడకు కొట్టుకుని కింద పడ్డాను. నొప్పి తర్వాత వచ్చింది. ముందు వేడి తెలిసింది, మరిగే పులుసు ఎవరో భుజంలో పోసినట్టు.

తర్వాత పిస్తోలు ఆమె వైపు తిరిగింది. రానెట్టా వెనక్కి పోలేదు. వాడి మీదికే వెళ్లింది. రెండో తూటా పొయ్యి మీది పొగగొట్టానికి తగిలింది. వాడు ఎడమ చేత్తో ఆమె జుట్టు పట్టుకుని మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. పళ్లు విరిగిన చప్పుడు నాకు వినపడింది. మళ్లీ కొట్టాడు. మూడోసారి తల ఎత్తినప్పుడు ఆమె నోరంతా రక్తం. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. బల్ల మీది కోళ్లు కోసే కత్తి అందుకుని వాడి తొడలోకి పిడి దాకా దించి, బయటకు లాగింది.

అయ్యా, మనిషి తొడలోంచి రక్తం అలా ఎగజిమ్ముతుందని నాకు తెలియదు. యుద్ధాల గురించి పాఠాలు చెప్పి బతికాను. ఎంతమంది చచ్చారో అంకెలు రాయించాను. నేల అంత జారుడుగా అవుతుందని ఏ పాఠంలోనూ చెప్పలేదు. వాడు అరుస్తూ కూలబడ్డాడు. పిస్తోలు పొయ్యి కిందికి జారిపోయింది.

ఇమొజీన్ అప్పుడు పరుగెత్తుకొచ్చింది. చేతులకు తొడుగులు ఉన్నాయి, ఎదుటి గదిలో బొమ్మకు కట్టు కట్టే పనిలోంచి వచ్చింది కదా. గుమ్మంలో ఆగిపోయింది. ఒక వైపు నేను, ఒక వైపు వాళ్లన్న.

“జీనూ! నన్ను చూడవే, ముందు నన్ను చూడు!” అని డ్వైట్ అరిచాడు.

ఆమె వాడి మొహం చూసింది, తొడ చూసింది. నా మొహం చూసింది. నా దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. గిన్నెలు తుడిచే గుడ్డను నా భుజం గాయంలోకి వేళ్లతో కుక్కడం మొదలుపెట్టింది. నేను పెట్టిన కేక నాకు ఇంకా గుర్తుంది. గుడ్డ మీద గుడ్డ కుక్కుతూనే, వెనక్కి తిరగకుండా అరిచింది:

“వదినా! వాడి గజ్జల్లో మోకాలు పెట్టు. గాయం మీద కాదు, పైన. నీ బరువంతా వేసి నొక్కు!”

రానెట్టా కత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

“వదినా, నీకు దణ్ణం పెడతా!”

కత్తి కింద పడిన చప్పుడైంది. రానెట్టా వెళ్లి వాడి గజ్జల్లో మోకాలు పెట్టి కూర్చుంది. వాడు ఆమెను బూతులు తిట్టాడు, పిడికిలితో ఆమె పక్కటెముకల మీద గుద్దాడు. గుద్దే కొద్దీ గుద్దు మెత్తబడింది. చివరికి ఆమె లంగా అంచు పట్టుకుని, “వదలకే రానెట్టా, వదలకే” అన్నాడు. ఆమె నోటి రక్తం వాడి చొక్కా మీద కారుతోంది. అంబులెన్సు వాళ్లు వచ్చి తీసుకునేదాకా ఆమె మోకాలు కదల్లేదు. తనను చంపడానికి వచ్చినవాడి ప్రాణాన్ని ఆమె దయతో కాపాడినదని తమరు గమనించవలెను.

4. వాడూ నేనూ ఇద్దరమూ బతికాము. డ్వైట్ కుంటుతూ జైల్లో విచారణ కోసం ఎదురుచూస్తున్నాడు. రానెట్టా చేసినది ఆత్మరక్షణేనని ప్రభుత్వ న్యాయవాది ఆమె మీద కేసు పెట్టలేదు. పెట్టింది తమ క్రమశిక్షణా సంఘం ఒక్కటే. రక్తం పోయిన నీరసంతో ఆ సంఘం విచారణకు నేను చక్రాల కుర్చీలో హాజరయ్యాను. అక్కడ సంఘాధ్యక్షులు బాస్కమ్ గారు అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు తమకు పంపిన నివేదికలో లేవు కనుక ఇక్కడ పొందుపరుస్తున్నాను.

“ఆ కత్తి ఎవరిది?”

“కాలేజీదండి. కోడి ఎముకలు తీసేది” అంది రానెట్టా. ముందు పళ్లు లేనందువల్ల మాట ఈల వేసినట్టు వచ్చింది.

“దాన్ని కోడి మీద కాక మనిషి మీద వాడారు. ఔనా?”

“ఔనండి. కోడి నన్ను కొట్టలేదు.”

ఈ జవాబును ‘పశ్చాత్తాపం లేకపోవుట’ అని రాసుకున్నారు. ‘వంటగది పరికరమును ఆయుధముగా వినియోగించిన’ నేరానికి ఆమెను కాలేజీ నుంచి తొలగించారు. తర్వాత ఇమొజీన్‌ను పిలిచారు.

“చికిత్స చేసే ముందు మీ అధ్యాపకురాలి అనుమతి తీసుకున్నారా?”

“ఆవిడ బల్ల కింద ఉన్నారండి. తప్పు పట్టడం లేదు. ఆ అరుపు మా అన్నది కాకపోతే నేనూ అక్కడే దూరేదాన్ని.”

“ఇద్దరు గాయపడితే కిట్రెల్ గారినే ఎందుకు ఎంచుకున్నారు?”

“ఎవరు ముందు పోయేలా ఉంటే వాళ్ల దగ్గరికి ముందు పొమ్మని చెప్పారు మాకు. మాస్టారి పెదాలు తెల్లబడిపోయాయి. మా అన్న ఇంకా అరుస్తున్నాడు. అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే కదండీ.”

“సొంత అన్న అని తెలిసి కూడానా?”

“తెలిసే” అంది ఇమొజీన్. “మా అమ్మ కూడా ఇదే అడిగింది. పరాయివాడి మీద చేతులు పెట్టి అన్నను నేల మీద వదిలేశావు, ఇక ఈ గడప తొక్కకు అంది. ఆవిడకైతే జవాబు చెప్పలేకపోయాను. మీకు చెప్పాను, రాసుకోండి.”

‘పర్యవేక్షణ లేకుండా చికిత్స చేసిన’ కారణంగా ఆమెను ఒక ఏడాది పాటు బహిష్కరించారు. ప్రస్తుతం ఆ పిల్ల రానెట్టా అద్దె గదిలోనే ఉంటోంది. రాత్రిళ్లు నిద్రలో లేచి కూర్చుని చేతులు తుడుచుకుంటోందట. రానెట్టా చెప్పింది.

5. ఇక నా పతకం. స్నాతకోత్సవంలో ఇస్తామని, గవర్నరు గారి మనిషి వస్తారని, కోటు వేసుకు రమ్మని తమరు కబురు పంపారు. ఆ రోజు నేను చేసిందల్లా తూటా తిని కింద పడుకోవడం. నన్ను బతికించిన పిల్లను గేటు బయట నిలబెట్టి, నన్ను వేదిక మీద నిలబెడితే, నేను ఆ పతకం పెట్టుకున్న చోట చీము పడుతుంది. ఈ మాట అర్జీలో రాయదగినది కాదని తెలుసు. కొట్టేసి మర్యాదగా రాద్దామని చూశాను. ఎడమ చెయ్యి సహకరించలేదు.

కావున, పై సంగతులన్నీ మనసున ఉంచుకుని, రానెట్టా సైక్స్‌ను వంటగదిలోకీ, ఇమొజీన్ సైక్స్‌ను నర్సింగు గదిలోకీ వచ్చే విద్యాకాలం మొదటి రోజునే అనుమతించవలసినదిగాను, లేనిచో ఈ కాగితమునే నా రాజీనామాగా స్వీకరించవలసినదిగాను, తమరు సావకాశంగా కాక తొందరగా చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

ఇప్పటివరకు తమ విధేయుడు,
ఆంబ్రోస్ కిట్రెల్
చరిత్ర బోధకుడు

తాజా కలం: సంతకం పెట్టాక రానెట్టా వచ్చింది. బెండకాయల పులుసూ, మొక్కజొన్న రొట్టే తెచ్చింది. అర్జీ చదివి వినిపించమంటే వినిపించాను. ‘దయతో కాపాడినది’ దగ్గర ఆపించింది.

“ఆ మాట కొట్టేయండి మాస్టారూ. దయేంటి నా మొహం! వాడు చస్తే పీడా పోతుందనుకున్నా. మోకాలు తీసేద్దామని కూర్చున్నంతసేపూ అనుకున్నా.”

“మరెందుకు తియ్యలేదు?”

“జీను చూస్తోంది కదండీ. దాని వేళ్లు మీ భుజంలో ఉన్నాయి, కళ్లు మాత్రం వాళ్లన్న మీదే ఉన్నాయి. నేను తీస్తే అది మిమ్మల్ని వదిలేసి వాడి దగ్గరికి ఉరికేది. ఎంతైనా తోడబుట్టినవాడు. అది చెయ్యి తీస్తే మీరు పోయేవారు. అందుకని నొక్కి పెట్టా. వాడి కోసం కాదు. పులుసు చల్లారిపోతోంది, తినండి.”

ఆమె ఎదుటే ఆ మాట మీద అడ్డగీత గీశాను. తమకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. దాని బదులు ఏం రాయాలో నాకు తోచలేదు.

ప్రౌజ్ గారూ, ఈ అయ్యాలూ, తమర్లూ ఇక నా వల్ల కాదు. నేను బతికున్నాను. వాళ్లిద్దరినీ లోపలికి రానివ్వండి.