నా హెల్మెట్ ముట్టుకోవద్దు

అనూ,

గోడ పక్కన పెట్టిన నా హెల్మెట్ ముట్టుకోవద్దు. లోపల కోడి కూర్చుని ఉంది. గుడ్డు పెట్టింది! చెయ్యి పెట్టి చూశాను, ఇంకా వెచ్చగా ఉంది. కోడి నా వేలు పొడిచింది కూడా. హెల్మెట్ లేదు గనుక బండి ఇక్కడే వదిలేసి, తట్టాంచావడి ఫ్యాక్టరీకి బస్సులో పోతున్నాను. నువ్వు లేవగానే దాని ముందు కాసిని నూకలు చల్లి, గిన్నెలో నీళ్ళు పెట్టు. గట్టిగా అరవకు, పాపం బెదిరిపోతుంది.

రెడ్డియార్‌పాళయం వదిలి ఈ పల్లెకొచ్చినప్పటి నుంచి నన్ను చూసి నవ్వుతూనే ఉన్నావు. పెట్టలని నేను కొనుక్కొచ్చిన నాలుగు కోడిపిల్లలూ పుంజులయ్యాయని మీ అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పావు. "ఈ ఇంట్లో గుడ్డు కనపడేదాకా నేను మూటలు విప్పేది లేదు" అన్నది ఎవరు? ఇదిగో, నాలుగోది, ఆ నల్లది, పుంజు కాదని తేలిపోయింది. ఇవాళ అన్ని మూటలూ విప్పేయ్. నీ కాఫీ ఫిల్టర్ ఏ మూటలో ఉందో గానీ, సాయంత్రం దాంతోనే కాఫీ తాగుదాం. మొదటి గుడ్డు నీకే.

ధనపాల్

తా.క. చెప్పులేసుకుంటుంటే పక్కింటి చెంగమ్మత్త వచ్చింది. "మా నల్లకోడి యాడికి పోయిందో ఏందో నాయనా, నీకేమన్నా కనపడిందా?" అని అడిగింది. తిరిగి చూస్తే మన పుంజులు నాలుగూ గోడ మీదే ఉన్నాయి. చూడలేదత్తా అన్నాను. తొందరేం లేదు, ముందు మూటలన్నీ విప్పి, ఆ తర్వాత కోడిని వాళ్ళింట్లో వదిలిరా.